తులానగరంలో మూడో తూకం

తూర్పున నీలగండం, పడమట వానరశృంగం. ఆ రెండు కొండల నడుమ భూమి నిలువునా చీలి ఏర్పడిన లోయ. ఆ లోయ తూర్పుగట్టున తులానగరం. ఇత్తడి రేకులు తాపిన గోపురాలు, పాలరాతి మేడలు, వాకిలి వాకిలికీ పన్నీరు చిమ్మే జలయంత్రాలు, పగడపు తీగెలు పాకించిన చలవపందిళ్ళు! ఇలా వర్ణించుకుంటూ పోతే కథ ముందుకు సాగదు గనక ఒక్క మాట చెప్పి ఊరుకుందాం. ఆ ఊళ్ళో వీధికి ఎడమవైపు ఏముంటే కుడివైపూ అదే ఉంటుంది. ఎడమ గోపురం మీద నెమలి పురి విప్పితే కుడి గోపురం మీద నెమలి కూడా విప్పాలి. విప్పకపోతే కాపలావాళ్ళు వెళ్ళి దాన్ని అదిలిస్తారు.

ఆ జనానికి ఇంకో పద్ధతి కూడా ఉంది. ఏ పనీ ఒంటిచేత్తో చెయ్యరు. ఇచ్చినా రెండు చేతులే, పుచ్చుకున్నా రెండు చేతులే. పిల్లవాణ్ణి కొట్టాలనుకున్న తండ్రి రెండు చెంపలూ ఒకేసారి వాయిస్తాడు. ఖాళీగా ఉన్న చెయ్యి ఏదో ఒకటి కాజేస్తుందని వాళ్ళ నమ్మకం.

కేతకీపుర యువరాజు మకరాంకుడికి ఈ సంగతి తెలియదు. తెలుసుకుని రావలసింది, కాని తొందరలో ఉన్నాడు. అతని చెల్లెలు హరిణలేఖను కాలధూముడనే మాంత్రికుడు వసంతోత్సవంలో పల్లకీలోంచి ఎత్తుకుపోయి, జానెడు కంచుబొమ్మగా మార్చి, పెట్టెలో బిగించి, ఈ ఊళ్ళో తలదాచుకున్నాడు. ఈ రోజు సూర్యుడు అస్తమించేలోగా ఆ బొమ్మ పాదాలు నేలను తాకితే హరిణలేఖ మళ్ళీ మనిషి అవుతుంది. తాకకపోతే ఇక ఎప్పటికీ కంచే. మకరాంకుడు పునుగు, జవ్వాది అమ్మే వర్తకుడి వేషం వేసుకుని, గడ ఎక్కి ఆడే నాగసానిని వెంటబెట్టుకుని కోటవాకిట్లోకి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది.

నాగసాని సంగతి కూడా చెప్పాలి. నలభై ఏళ్ళు దాటిన మనిషి. తాటిచెట్టంత గడ కొసన ఒంటికాలి మీద నిలబడి తమలపాకులు నమలగలదు. దారిలో దొంగల చేతుల్లోంచి యువరాజు ఆమెను విడిపించాడు. అప్పటినుంచి ఆమె అతన్ని వదలలేదు, అతను పొమ్మన్నా పోలేదు.

కోటవాకిట కాపలావాడు మర్యాదగా రెండు చేతులా తాంబూలం అందించాడు. మకరాంకుడు కూడా మర్యాదగానే కుడిచెయ్యి చాపి అందుకున్నాడు.

"ఒంటిచెయ్యి!" అని కాపలావాడు గావుకేక పెట్టాడు.

రెండు కొమ్ముబూరలు ఒక్కసారే మోగాయి. రెండు వైపులనుంచీ రెండు వలలు వచ్చి మీద పడ్డాయి. మకరాంకుడు కత్తి ఒరమీద చెయ్యి వేశాడు గాని నాగసాని అతని మణికట్టు పట్టేసుకుంది.

"తియ్యొద్దు దొరా! ఈ ఊళ్ళో ఒర దాటిన కత్తి పట్టినోడి మెడమీదికే తిరుగుతుందంట. ఇందాక బండివాడు చెప్పె."

"ఆ ముక్క నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదు గదా."

ఆ విధంగా కథానాయకుడు యుద్ధం చెయ్యకుండానే పట్టుబడి, చేపలా వలలో చుట్టుకుపోయి, లోయ అంచున ఉన్న తూకపుమండపంలో వచ్చి పడ్డాడు.

మండపంలో తూకందారు వీరభోగయ్య కూర్చుని ఉన్నాడు. తెల్లటి కనుబొమలు కళ్ళమీదికి వేలాడే ముసలాయన. ఆ ఊరికి రాజు లేడు. తగువులన్నీ తీర్చేది ఆయనే. ఆయన పక్కన, పొగరంగు శాలువా కప్పుకుని, పొడుగాటి వేళ్ళతో గడ్డం దువ్వుకుంటూ కాలధూముడు నిలబడి ఉన్నాడు.

"ఎవరు నాయనా నువ్వు? ఏం పనిమీద వచ్చావు?" అని తూకందారు అడిగాడు.

"కేతకీపుర యువరాజును. ఆ నిలబడ్డవాడు నా చెల్లెల్ని ఎత్తుకొచ్చాడు. వాడి పెట్టెలో ఉన్నది నా చెల్లెలు."

"నా పెట్టె నాదే అని అతనంటున్నాడు. అందులో ఉన్నది నా చెల్లెలని నువ్వంటున్నావు. మాటకు మాట చెల్లిపోయింది. ఇక తూచడమే." ముసలాయన రెండు చేతులూ ఎత్తి లోయవైపు చూపించాడు. "మా ఊళ్ళో అడగడానికి వచ్చినవాడు మూడు తూకాలు తీర్చాలి. మొదటిది తన ప్రాణానికి, రెండోది తన తోడు వచ్చినవాళ్ళ ప్రాణానికి. మూడోది, తాను ఏది కోరి వచ్చాడో దానికి."

మకరాంకుడు లోయవైపు చూశాడు. లోయలోకి పొడుచుకొచ్చిన ఒక రాతిస్తంభం మీద, పది ఓడల కొయ్య కలిపి చెక్కినంత దూలం అడ్డంగా నిలబడి ఉంది. దాని రెండు వైపులా గొలుసులకు నల్లటి రాతిగుండ్లు వేలాడుతున్నాయి. ఒక్కో గుండు ఒక ఎదిగిన మనిషి అంత బరువు. ప్రతి గొలుసునూ ఒక కొయ్యమేకు పట్టి ఉంచింది. మేకు లాగితే గుండు లోయలోకి పోతుంది. దూలం నట్టనడుమ బంగారపు ముల్లు, దానికింద సన్నటి గాడి. దూలం చెరో కొసన మనిషి నిలబడేందుకు ఒక చెక్కపలక ఉంది.

"ఇద్దరూ చెరో పలక మీద నిలబడండి," అని తూకందారు చెప్పసాగాడు. "దూలానికి గుండ్లతో పాటు మూసిన పెట్టెలూ మేకులకు వేలాడుతుంటాయి. ఒక తూకంలో పెట్టెలన్నిటి బరువూ ఒకటే. పెట్టె తెరవకుండా దాని బరువు ఎన్ని గుండ్లో చెప్పాలి. గుండ్లు తియ్యొచ్చు, పెట్టెలూ తియ్యొచ్చు. ముల్లు మాత్రం కదలకూడదు. ఊపిరి పీల్చి వదిలేంత సేపు ముల్లు గాడి తప్పిందా, పలకల కింది గడియలు ఊడిపోతాయి. తప్పు జవాబు చెప్పినా అంతే. కింద నది ఉంది. దాని లోతెంతో చెప్పడానికి ఎవరూ పైకి రాలేదు."

కేతకీపుర గురుకులంలో పరంతపాచార్యులు అవ్యక్తరాశుల పాఠం చెప్పేటప్పుడు మకరాంకుడు కిటికీలోంచి గుర్రాల్ని చూస్తూ కూర్చునేవాడు. కాని ఆచార్యులవారిది పెద్ద గొంతు. అందువల్ల ఎంతో కొంత చెవిన పడక తప్పలేదు. కనపడనిదాన్ని ఒంటరిగా నిలబెట్టు. దాని చుట్టూ చేరినవాళ్ళను ఒక్కొక్కరినే సాగనంపు. ఇటు ఏం చేస్తే అటూ అదే చెయ్యి. అంతవరకు గుర్తుంది. మిగతాది ఆ రోజుల్లో గుర్రాల పాలైంది.

మొదటి తూకం. ఎడమవైపు మూడు పెట్టెలు, నాలుగు గుండ్లు. కుడివైపు పందొమ్మిది గుండ్లు. ముల్లు గాడిలో కదలకుండా నిలిచి ఉంది. మకరాంకుడు ఎడమ పలక మీద, నాగసాని కుడి పలక మీద నిలబడ్డారు.

"నాగసానీ! పెట్టెలతో కలిసి ఉన్న ఈ నాలుగు గుండ్లూ అడ్డం. వీటిని పంపేస్తాను. నేను ఒకటి లాగినప్పుడల్లా నువ్వూ ఒకటి లాగాలి, అదే క్షణంలో."

"తాళం వెయ్యి దొరా. తాళం ఉంటే నేను తప్పను."

అతను అరిచేత్తో దూలం మీద చరిచాడు. ధామ్మని రెండు గుండ్లు ఒకేసారి లోయలో పడ్డాయి. మళ్ళీ చరిచాడు. నాలుగుసార్లు చరిచేసరికి ఎడమవైపు మూడు పెట్టెలే మిగిలాయి, కుడివైపు పదిహేను గుండ్లు. ముల్లు కదలలేదు.

"మూడు పెట్టెలు కలిసి పదిహేను గుండ్లను తూగుతున్నాయి. మూడూ సమానం కాబట్టి పదిహేనును మూడు వాటాలు వెయ్యి. ఒక్కో పెట్టె అయిదు గుండ్లు!"

తూకందారు తల ఊపాడు, కాని ఒప్పుకోలేదు. "సరిచూపించు."

జవాబు చెప్పినవాడు దాన్ని ఆ తూకం మొదలైనప్పటి లెక్కలో తిరిగి పెట్టి చూపించాలని అక్కడి నియమం. మకరాంకుడు వేళ్ళు మడిచాడు. "మూడు అయిదులు పదిహేను. మొదట ఉన్న నాలుగు కలిపితే పందొమ్మిది. అవతల ఉన్నదీ పందొమ్మిదే."

పెట్టెలు వాటంతటవే తెరుచుకున్నాయి. వాటి నిండా ఉత్త ఇసుక. జనం రెండు చేతులా చప్పట్లు కొట్టారు. చప్పట్లకు మాత్రం ఎక్కడైనా రెండు చేతులే కావాలి గనక ఇందులో వింతేమీ లేదు.

రెండో తూకం పెట్టడానికి కూలీలు మీటలతో గుండ్లు జరుపుతూ చాలాసేపు చేశారు. సూర్యుడు వానరశృంగం వైపు వాలుతున్నాడు. మకరాంకుడికి ఒళ్ళు మండింది. "త్వరగా కానివ్వండి!" అని అరిచాడు. వాళ్ళు ఎడమవైపు ఒక గుండు పెట్టి, కుడివైపు ఒకటి పెట్టి, తలగుడ్డలు సర్దుకుని, నిదానంగానే కానిచ్చారు.

ఈసారి పెట్టెలు రెండు వైపులా ఉన్నాయి. ఎడమన అయిదు పెట్టెలు, రెండు గుండ్లు. కుడిన రెండు పెట్టెలు, పద్నాలుగు గుండ్లు.

"ముందు విడిగుండ్లు!" అని మకరాంకుడు దూలం చరిచాడు. చెరో రెండు గుండ్లూ పోయాయి. ఎడమన అయిదు పెట్టెలు మాత్రమే మిగిలాయి. కుడిన రెండు పెట్టెలు, పన్నెండు గుండ్లు.

"ఇప్పుడు ఇంకొకటి!" అంటూ అతను ఒక పెట్టె మేకు పట్టుకుని చెయ్యెత్తాడు.

నాగసాని చెయ్యి తనకు దగ్గర్లో ఉన్న గుండు మేకు మీద పడింది. ఇటు ఒకటి పోతే అటు ఒకటి పోవాలి, అంతే గదా అనుకుంది పాపం. ఒకటికి ఒకటి. లెక్కలు నేర్చుకునేవాళ్ళు చాలామంది అక్కడే కాలు జారతారు. కాకపోతే వాళ్ళ కింద లోయ ఉండదు.

దూలం మీదికి దిగబోతున్న అరచేతిని మకరాంకుడు గాల్లోనే ఆపేశాడు. "ఆగు! అది కాదు!"

కాని నాగసాని మేకు అప్పటికే సగం ఊడింది. గొలుసు కిర్రుమంది. దూలం వణికింది. ముల్లు గాడి అంచు తాకింది.

"లోపలికి తొయ్యి!"

ఆమె మోకాలితో పొడిచి మేకును మళ్ళీ దిగ్గొట్టింది. ముల్లు అటూ ఇటూ ఊగి, ఊగి, గాడిలో నిలబడింది. పలకల కింద గడియలు సగం జారి ఆగాయి.

"ఏంది దొరా, ఒకటంటివి గదా!"

"పెట్టెకు పెట్టె! గుండుకు గుండు! పెట్టె ఎంత బరువో మనకింకా తెలియదు. నేను పెట్టె తీసి నువ్వు గుండు తీస్తే రెండు వైపులా పోయిన బరువు ఒకటెలా అవుతుంది?"

"అట్ట చెప్పు మరి. ఒకటి ఒకటంటే నాకేం తెలుసు?"

మకరాంకుడు మళ్ళీ పెట్టె మేకు పట్టుకున్నాడు. తప్పు తనదే. రెండు పెట్టెలు ఇటు, రెండు పెట్టెలు అటు, ఒకదాని వెనక ఒకటి లోయలో పడ్డాయి. మూడు పెట్టెలకు పన్నెండు గుండ్లు మిగిలాయి. "పెట్టె నాలుగు గుండ్లు. సరిచూడండి. ఎడమన అయిదు నాలుగులు ఇరవై, రెండు కలిపితే ఇరవై రెండు. కుడిన రెండు నాలుగులు ఎనిమిది, పద్నాలుగు కలిపితే ఇరవై రెండు."

"సరి," అన్నాడు తూకందారు.

"ఆమె ప్రాణం ఆమెది," అని జనం రెండేసి చేతులెత్తి అరిచారు. నాగసాని నడుంలోంచి తమలపాకు తీసి నోట్లో వేసుకుంది.

ఇక మూడో తూకం. కాలధూముడు స్వయంగా ముందుకొచ్చాడు. నల్లపట్టు కప్పిన రెండు పెట్టెలు తెప్పించి, ఎడమవైపు దూలానికి ఇనుపపట్టీలతో చుట్టూ బిగించాడు. ఇతర పెట్టెల్లా వీటిని వేలాడదియ్యలేదు. నల్లపట్టు కిందినుంచి ఒక సన్నటి తాడు బయటికొచ్చి అతని నడుముదాకా పాకి ఉంది. ఆ తాడును ఎవరూ పట్టించుకోలేదు.

"రాజకుమారా, రెంటిలో ఒకదాంట్లో నీ చెల్లెలుంది," అన్నాడు మాంత్రికుడు నవ్వుతూ. "ఇంకోటి నీడపెట్టె. బరువులో రెంటికీ వెంట్రుకవాసి తేడా లేదు. సరైన బరువు చెప్పావా, నీడ మాయమై నిజం మిగులుతుంది. తప్పు చెప్పావా, రెండూ కరిగి నీరవుతాయి. ఇంతకు ముందు ముగ్గురు రాజకుమారులు ఇలాంటి పెట్టెల ముందే నిలబడ్డారు. ఇప్పుడు నదిలో ఉన్నారు."

కూలీలు ముల్లు నిలిచేదాకా గుండ్లు సర్ది తప్పుకున్నారు. మకరాంకుడు లెక్కపెట్టాడు. ఎడమన రెండు పెట్టెలు, పదిహేడు గుండ్లు. కుడిన పదకొండు గుండ్లు. మళ్ళీ లెక్కపెట్టాడు. అవే అంకెలు.

"దొరా, వీళ్ళకు మతిపోయింది," అని నాగసాని అవతలినుంచి అరిచింది. "నీ పక్క గుండ్లే ఎక్కువున్నాయి! పైన పెట్టెలు వేరే! నా పక్క చూస్తే పదకొండే. ఎట్టా తూగుతుందంట?"

జనంలో కూడా గుసగుసలు బయల్దేరాయి. తూకందారు కనుబొమలెత్తి చూసి, "ముల్లు మధ్యలో ఉంది," అన్నాడు. అంతటితో గుసగుసలు ఆగిపోయాయి. ఆ ఊళ్ళో ముల్లు మధ్యలో ఉంటే కళ్ళను నమ్మడం మర్యాద కాదు.

మకరాంకుడికి ఏమీ తోచలేదు. నిజానికి భయం వేసింది. పెట్టెలో ఉన్నది తన చేతుల్లో పెరిగిన పిల్ల. పల్లకీ ఎక్కేముందు "అన్నయ్యా, నువ్వూ రావూ?" అని అడిగితే వేటకు పోవాలని చెప్పి పంపేశాడు. అయితే ఇప్పుడు కూర్చుని దిగులుపడే వ్యవధి లేదు. సూర్యుడు వానరశృంగానికి నాలుగు బారల ఎత్తున ఉన్నాడు. తోచనప్పుడు తోచిన అడుగొక్కటే వెయ్యాలి. ముందు విడిగుండ్లు.

"నాగసానీ, గుండుకు గుండు. తాళం తప్పకు."

ధామ్, ధామ్, ధామ్! జంటలు జంటలుగా గుండ్లు లోయలోకి పోతున్నాయి. కుడివైపు ఆరు, అయిదు, నాలుగు... చిట్టచివరి మేకు నాగసాని లాగింది. ఆమె గుండు పోయింది, అతని గుండూ పోయింది.

కుడివైపు ఇక ఏమీ లేదు. ఉత్త దూలం, ఖాళీ గొలుసులు. ఎడమవైపు రెండు పెట్టెలు, వాటితో పాటు ఆరుగురు మనుషుల బరువున్న ఆరు గుండ్లు. ముల్లు మాత్రం గాడిలో కదలకుండా నిలబడే ఉంది.

జనం హాహాకారాలు చేశారు. కొందరు కళ్ళు మూసుకున్నారు, రెండు చేతులా. ఒక ముసలమ్మ, "అపచారం! ఖాళీచెయ్యి తూగుతోంది!" అంటూ మండపం మెట్లు దిగి పారిపోయింది. తూకందారు లేచి నిలబడ్డాడు. ఆయన ముఖం పాలిపోయింది.

"జవాబు చెప్పు," అన్నాడు కాలధూముడు తియ్యగా. "ముగ్గురూ ఇక్కడిదాకా వచ్చారు. ఒకడు సున్నా అన్నాడు. ఒకడు ఆరన్నాడు. మూడోవాడు ఏడవడం మొదలుపెట్టాడు."

మకరాంకుడు ఆరు గుండ్లను చూశాడు. పెట్టెలు ఏ బరువూ లేనివైతే ఈ ఆరు గుండ్లూ దూలాన్ని ఎప్పుడో కిందికి లాగేసి ఉండాలి. లాగలేదు. అంటే ఎవరో వీటిని మోస్తున్నారు. కుడివైపు మోసేవాడు లేడు. ఎడమవైపు ఉన్నవి రెండు పెట్టెలే. కిందికి లాగే ఆరు గుండ్లను రెండు పెట్టెలు కలిసి పైకి లాగుతున్నాయి. రెండు వాటాలు వేస్తే...

"ఒక్కో పెట్టె మూడు గుండ్లు!" అని అరిచాడు. "కిందికి కాదు, పైకి!"

"పైకి బరువుండదు నాయనా," అన్నాడు తూకందారు బెదురుగా. "మా ఊళ్ళో అలాంటి మాట లేదు."

"మా ఆచార్యులవారు దాన్ని ఋణరాశి అనేవారు. సున్నా కన్నా తక్కువైనది. సరిచూడండి. రెండు పెట్టెలు పైకి లాగేది ఆరు. మొదట ఎడమన ఉన్న పదిహేడు గుండ్లలోంచి ఆరు తీసెయ్యండి. మిగిలేది పదకొండు. కుడిన ఉన్నదెంత?"

తూకందారు పెదవులు కదిలాయి. "పదకొండు," అన్నాడు.

భగ్గుమని నీడపెట్టె పొగై ఎగిరిపోయింది. దాంతోపాటే కొత్త ప్రమాదం వచ్చి పడింది. ఇప్పుడు ఆరు గుండ్లను మోసేది ఒక్క పెట్టే. ఎడమవైపు మూడు గుండ్ల బరువు మిగిలిపోయి దూలం కిందికి ఒరిగింది. ముల్లు గాడి దాటింది. గడియలు జారాయి. మకరాంకుడు రెండు చేతులతో ఒకటి, రెండు, మూడు మేకులు ఊడబెరికాడు. మూడు గుండ్లు లోయలో పడ్డాయి. దూలం లేచి నిలబడింది. పలకలు వేలాడుతూ నిలిచాయి.

"తూకం తీరింది!" అని తూకందారు ప్రకటించాడు. "పెట్టె ఇతనిది!"

"తీసుకోమనండి," అంటూ కాలధూముడు చిటికె వేశాడు. ఇనుపపట్టీలు మైనంలా కరిగి కారిపోయాయి. పెట్టె దూలాన్ని వదిలి ఒక్క ఊపున ఆకాశంలోకి లేచింది. దాని వెనక తాడు సర్రున విప్పుకుంటోంది. తాడు కొస మాంత్రికుడి నడుముకు కట్టి ఉంది. గాలిపటాన్ని లాక్కున్నట్టు తర్వాత తీరిగ్గా లాక్కోవచ్చని వాడి పన్నాగం.

మకరాంకుడు ఆలోచించలేదు. పలకమీదినుంచి ఎగిరి పెట్టెను వాటేసుకున్నాడు. పెట్టె అతన్ని లెక్కచెయ్యకుండా పైకి పోతూనే ఉంది. అవతల, పైకి మోసే పెట్టె పోయిన దూలం ఎడమకు కూలిపోయింది. దాని కుడికొస ఒక్క విసురుతో ఆకాశానికి లేచింది. నాగసాని ఆ కొసన కూర్చుని ఉంది. బతుకంతా గడల మీద గడిపిన మనిషి కాబట్టి ఆ విసురుకు భయపడకుండా దాన్నే ఊతం చేసుకుని, గాల్లో రెండు పిల్లిమొగ్గలు వేసి, వచ్చి యువరాజు కాళ్ళు దొరకబుచ్చుకుంది.

"నువ్వెందుకు దూకావు?" అన్నాడతను పైనుంచి.

"పలక ఊడిపోయె. ఇంకెక్కడికి దూకమంటావు?"

పెట్టె మూడు మోస్తుంది. మనుషులిద్దరు. ఇంకా ఒకటి మిగిలి ఉంది గనక పెట్టె పైకే పోతోంది. ఇంతలో తాడు పూర్తిగా విప్పుకుని బిగిసింది. కింద కాలధూముడు గట్టున కాళ్ళు తన్నిపెట్టి నిలబడాలని చూశాడు గాని, లోయమీద గాలి ఒక్కటి విసిరేసరికి శాలువాతో సహా గట్టుదాటి గాల్లో వేలాడాడు. పొగలా కనిపించినా వాడూ ఒక మనిషి అంత బరువే.

అప్పుడు పెట్టె ఆగింది.

మూడుకు మూడు సరిపోయింది. పైకీ పోదు, కిందికీ దిగదు. లోయ నడుమ, తులానగరపు ఇత్తడి గోపురాలు ఒకవైపు మెరుస్తుండగా, ఆ నలుగురూ ఆకాశంలో నిశ్చలంగా నిలబడిపోయారు. ఎదురుగా వానరశృంగం. దాని శిఖరం వాళ్ళ తలలపైన రెండు తాటిచెట్ల ఎత్తున ఉంది. గాలి అటే వీస్తోంది గాని, ఈ ఎత్తులో అటు కొట్టుకుపోతే తగిలేది కొండ నిలువుగోడ, అడుగు మోపడానికి చోటు లేదు. శిఖరం మీద మాత్రం పచ్చిక పరుచుకుని ఉంది. సూర్యుడు దాని అంచు తాకాడు.

మకరాంకుడు ఒక చేత్తో పెట్టెను పట్టుకుని రెండో చేత్తో కత్తి దూశాడు. లోయమీద తులానగరపు శాసనం చెల్లదు.

"తాడు తెగ్గొడతావా?" అని కాలధూముడు కిందినుంచి నవ్వాడు. "కొట్టు. నా బరువు పోతే మీరు నక్షత్రాలదాకా ఆగకుండా పోతారు. నేను పొగనై మెల్లగా దిగి ఇంటికి పోతాను. నీ చెల్లెలి పాదాలు నేలను తాకేదెప్పుడు? ఆ కత్తి కింద పారెయ్, రాజకుమారా. పారేస్తే మాట్లాడుకుందాం. లేదంటే నా ముడి నేనే విప్పుకుంటాను." వాడి పొడుగాటి వేళ్ళు నడుము దగ్గరి ముడి మీద ఆడుతున్నాయి.

"పారెయ్యొద్దు దొరా!" అంది నాగసాని. "మనకున్నది అదొక్కటే."

మకరాంకుడు కత్తిని చూశాడు. అది కేతకీపుర రాజుల ఖడ్గం. తాత తండ్రికి ఇచ్చాడు, తండ్రి తనకిచ్చాడు. చాలా బరువైన కత్తి. చిన్నప్పుడు దాన్ని రెండు చేతులతో కూడా ఎత్తలేకపోయేవాడు. పెట్టె చెక్కకు చెవి ఆనిస్తే లోపల కంచు గణగణ చిన్నగా వినిపించింది. వేళ్ళు విప్పేశాడు.

కత్తి తళతళ మెరుస్తూ నదిలోకి పోయింది. కాలధూముడు విరగబడి నవ్వాడు.

నవ్వు ఇంకా పూర్తి కాకముందే పెట్టె చిన్నగా కదిలింది. ఒక కత్తి బరువు తగ్గింది గదా! నలుగురూ జానెడు జానెడే పైకి లేస్తున్నారు. గాలి వాళ్ళను శిఖరం వైపు నెడుతోంది. నిలువుగోడ కిందికి జారుతోంది. పైన పచ్చిక దగ్గరవుతోంది.

కాలధూముడు శిఖరాన్ని చూశాడు, యువరాజు ఉత్త చేతుల్ని చూశాడు, జరిగింది గ్రహించాడు. ముడి విప్పలేదు. విప్పితే పెట్టె చెయ్యిదాటిపోతుంది. పళ్ళు పటపటలాడించి, మొలలోంచి కొంకికత్తి తీసి నోట కరుచుకుని, తాడు పట్టుకుని పైకి ఎగబాకసాగాడు.

"దొరా, ఆడు ఎక్కుతున్నాడు!" అని నాగసాని కేక వేసింది. "తన్నేదా?"

"తన్నకు," అన్నాడు మకరాంకుడు శిఖరం మీదనుంచి చూపు తిప్పకుండా. "పచ్చిక అందేదాకా ఆ బరువు మనకు కావాలి. ఎక్కనీ. ఎక్కినా దిగినా వాడి బరువు అంతే."